సున్నా మాస్టారు, నా పసుపు తాడు

ఆ రోజుల్లో నాకు భయం వేయని వస్తువు న్యూజెర్సీ మొత్తం మీద ఒక్కటి కూడా ఉండేది కాదు. పోస్టు డబ్బాలో పొడుగాటి కవరు కనిపిస్తే భయం, వెనక పోలీసు కారు వస్తే భయం (నేను వేగంగా నడిపిందీ లేదు, లైసెన్సు లేకుండా నడిపిందీ లేదు, అయినా సరే), పోపు వేయగానే అరిచే పొగ అలారం అంటే భయం. ఈమెయిల్లో 'ఒకసారి వచ్చి కలుస్తారా' అని ఒక్క వాక్యం ఉంటే ఆ పూట అన్నం సహించేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, వీసా మీద బతికే మనిషికి భయపడటం కూడా ఒక ఉద్యోగమే. పొద్దున్నే లేచి దానికీ హాజరు వేయించుకోవాలి. ఆ భయాలన్నింటిలోకీ పెద్దది నాకు పసుపు వల్ల వచ్చింది. పసుపును చూసి వణికిన తెలుగు ఆడది బహుశా నేనొక్కదాన్నే అయి ఉంటాను.

మాది దుగ్గిరాల పక్క ఊరు. పసుపు యార్డు దగ్గరే కాబట్టి, సీజన్లో మా దండెం మీద ఆరేసిన తెల్ల పంచెలు సాయంత్రానికి తెల్లగా ఉండేవి కావు. అలాంటి ఊరి నుంచి పిస్కాటవే వచ్చి, ఫుడ్ సైన్స్‌లో మాస్టర్స్ చేసి, అక్కడికి పావుగంట దూరంలో ఒక చిన్న ల్యాబ్‌లో చేరాను. మొక్కల నుంచీ మసాలా దినుసుల నుంచీ చేసిన క్యాప్సూల్స్, పొడులు, టీలు మా దగ్గరికి పరీక్షకు వచ్చేవి. అల్లం, దాల్చినచెక్క, మెంతులు, వెల్లుల్లి, ఆఖరికి మునగాకు కూడా. డబ్బా మీద రాసిన పదార్థం డబ్బాలో నిజంగా ఉందా, ఉంటే ఎంత ఉంది అని తేల్చడం మా పని. అందరికీ తలా ఒకటి పంచగా నా వంతుకు పసుపు వచ్చింది. అన్ని సముద్రాలు దాటి వచ్చి మళ్ళీ పసుపు దగ్గరే తేలానని మా నాన్న ఫోన్లో పడీ పడీ నవ్వారు.

పసుపుకు ఆ రంగునిచ్చే పదార్థం పేరు కర్క్యుమిన్. వాపులు తగ్గిస్తుందనీ, కీళ్ళకు మంచిదనీ దాని మీద లోకానికి చాలా ఆశ. చిక్కేమిటంటే అది ఊరికే మింగితే ఒంటికి సరిగా పట్టదు, మిరియాల్లో ఘాటునిచ్చే పదార్థం తోడైతే కాస్త పడుతుంది. క్లాసులో ఈ ముక్క విన్న రోజు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. జలుబు చేస్తే పాలల్లో పసుపు వేసి, రెండు మిరియాలు దంచి వేసేది. మిరియాలు ఎందుకే అంటే 'వేయాలి' అనేది, అంతే. ఈ కథను నేను ల్యాబ్ బ్రేక్ రూమ్‌లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. రిసెప్షన్‌లో కూర్చునే పెద్దావిడ మోకాలి నొప్పికి పసుపు లాటే (మన పసుపు పాలకే కాఫీ షాపు పేరు) కొనుక్కుని వచ్చి, ఇందులో మిరియాలు వేయించుకోవాలా అని నన్ను అడిగేది. నేనేమో ఆయుర్వేదం మొత్తం మా పెరట్లోనే పుట్టినట్టు ఉపన్యాసం ఇచ్చేదాన్ని. జుట్టు ఊడటం నుంచి మతిమరుపు దాకా పసుపుకు లొంగని జబ్బు లేదని నా మాటల్ని బట్టి ఎవరైనా అనుకుని ఉంటారు.

ఒకసారి మా ల్యాబ్ పెద్దాయన కాఫీ కలుపుకుంటూ ఇది విన్నారు. అరవై దాటిన అమెరికన్, సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో ఉండేవారు. పసుపు మేలు చేస్తే తనకూ సంతోషమేనన్నారు. కానీ ఆ డబ్బా కొనే మనిషికి ఎక్కడో నొప్పి ఉంటుందనీ, మేలు జరుగుతుందో లేదో మనం చెప్పలేమనీ, ఆ మనిషి కొన్న వస్తువు డబ్బాలో ఉందో లేదో మాత్రం చెప్పగలమనీ, కనీసం అదైనా తప్పులేకుండా చెబుదామనీ అన్నారు. చిరునవ్వుతోనే అన్నారు గానీ నేను ఆ తరువాత మూడు రోజులు బ్రేక్ రూమ్‌కి వెళ్ళలేదు.

ఆయనకు మేం పెట్టుకున్న పేరు సున్నా మాస్టారు. మేం అంటే నేనూ, అక్కా. అక్క నాకన్నా ఆరేళ్ళు సీనియర్, వరంగల్ మనిషి, ల్యాబ్‌లో నాకు దిక్కు. ఆ పేరు ఎందుకంటే, పొద్దున్నే గుడ్ మార్నింగ్ కన్నా ముందు ఆయన 'ఇవాళ సున్నా సున్నాగానే ఉందా' అని అడిగేవారు. మేం ఏ శాంపిల్ పరీక్షించే ముందైనా, అందులో ఏమీ కలపని ఉత్త ద్రావకాన్ని ఒక బుల్లి గాజు సీసాలో పోసి యంత్రానికి ఇస్తాం. దాన్ని బ్లాంక్ అంటాం. ఏమీ లేదు కాబట్టి స్క్రీన్ మీద గీత తిన్నగా, బల్లపరుపుగా పోవాలి. ఎక్కడైనా మిట్ట లేచిందంటే ఎక్కడో మురికి చేరిందన్నమాట, ఆ రోజు లెక్కలేవీ నమ్మడానికి లేదు. సున్నా మాస్టారు దృష్టిలో మనుషులు రెండు రకాలు, బ్లాంక్ శుభ్రంగా ఉన్నవాళ్ళూ, లేనివాళ్ళూ.

ఇలా ఉండగా నాకు పెళ్ళయింది. మా ఆయన ఎడిసన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, తెనాలి వాళ్ళు. ఇద్దరం మూడు వారాలు సెలవు పెట్టి వెళ్ళి పెళ్ళి చేసుకున్నాం. మా వైపు పెళ్ళినాడు కట్టిన పసుపు తాడును పదహారు రోజుల పండుగనాడు తీసి సూత్రాలను బంగారు గొలుసులోకి మారుస్తారు. మాకేమో పద్నాలుగో రోజున విమానం. ముందుగా మార్చేస్తే సరిపోతుందేమోనని మా ఆయన నసిగితే, అత్తగారు ఒప్పుకోలేదు. మళ్ళీ వచ్చినప్పుడు పద్ధతిగా చేద్దాం, అప్పటిదాకా తాడు మెడలోంచి తియ్యడానికి వీల్లేదు, రోజూ స్నానం కాగానే దానికి పసుపు రాసుకోవాలి, శుక్రవారం కాస్త దట్టంగా, అని చెప్పి, తమ ఇంట్లో దంచిన పసుపు రెండు కిలోలు సూట్‌కేసులో పెట్టించారు. తాడు తీస్తే ఏమవుతుందో ఆవిడ చెప్పలేదు. చెప్పక్కర్లేదు కదా. ఆ భయం మనకు పాలతోపాటే పడుతుంది.

అప్పట్నుంచీ రోజూ పొద్దున్న ఏడింటికి అత్తగారి వీడియో కాల్. ఏం వండావు, నిద్ర పట్టిందా అన్నవి అయ్యాక, ఏదీ, తాడు చూపించమ్మా అనేవారు. నేను ఫోన్ దగ్గరకు వంగి చూపించేదాన్ని. ఆవిడ కళ్ళు చికిలించి చూసి, ఊఁ, అనేవారు. ఆ 'ఊఁ' కాస్త ఆలస్యమైతే పసుపు తగ్గిందేమోనని మర్నాడు ఇంకో పొర పట్టించేదాన్ని.

పెళ్ళయి వచ్చిన కొన్నాళ్ళకు నా పేరు హెచ్‌వన్ వర్క్ వీసా లాటరీలో వచ్చింది. లాయర్ అడిగిన కాగితాలన్నీ ఇచ్చాను, ఇక మిగిలింది ఒక్క ఉత్తరం. ఈ అమ్మాయి మా ల్యాబ్‌కు అవసరం, ఫలానా పని చేస్తుంది అని రాసి సున్నా మాస్టారు సంతకం పెట్టాలి. ఆ సంతకం పడకపోతే నా ఉద్యోగం ఆ వేసవితో ఆఖరు. మా ఆయన వీసా మీద డిపెండెంట్‌గా ఉండిపోవచ్చు, దేశం వదలక్కర్లేదు, ఉద్యోగం మాత్రం చేయకూడదు. కానీ చదివిన చదువంతా అటక మీద పెట్టి, అపార్ట్‌మెంట్ కిటికీలోంచి పార్కింగ్ చూస్తూ కూర్చున్న అక్కచెల్లెళ్ళను మా కాంప్లెక్స్‌లోనే నలుగురిని చూశాను. అందులో ఒకావిడ డాక్టరు. ఆవిడ నాకు మెట్ల మీద ఎదురుపడినప్పుడల్లా ఇవాళ పనెలా జరిగిందని అడిగేది, నేను చెప్పేదంతా నిలబడి వినేది. ఆవిడలా అయిపోతానేమోనని నాకు నిజంగానే వణుకు పుట్టేది.

ఉత్తరం ఆయన బల్ల మీద ఉన్న వారంలోనే, ఒక గురువారం, నా బ్లాంక్‌లో మిట్ట లేచింది. చిన్నదే. కానీ లేచింది సరిగ్గా కర్క్యుమిన్ లేవాల్సిన చోట. సీసా మార్చాను, ద్రావకం మార్చాను, మళ్ళీ పెట్టాను. మళ్ళీ మిట్ట. అక్క వచ్చి తన చేత్తో ఒక బ్లాంక్ చేసి పెట్టింది. గీత తిన్నగా పోయింది. నేను పెట్టాను, లేచింది. యంత్రం నన్ను గుర్తుపడుతోందా అనిపించింది.

ఇక్కడ నా అలవాటు ఒకటి చెప్పాలి. భయం వేసినప్పుడు తాడు బయటికి తీసి, సూత్రాలు రెండు కళ్ళకూ అద్దుకుని, మళ్ళీ లోపల వేసుకోవడం నాకు పెళ్ళయిన వారానికే పట్టుబడింది. కారు హైవే ఎక్కే ముందు ఒకసారి, ఈమెయిల్ తెరిచే ముందు ఒకసారి. ల్యాబ్‌లో అయితే బ్లాంక్ సీసా పట్టుకునే ముందు, ఎవరూ చూడకుండా ఫ్రిజ్ వైపు తిరిగి, కోటు కాలర్ లోంచి తాడు లాగి, కళ్ళకద్దుకుని, తల్లీ, ఇవాళ సున్నా వచ్చేలా చూడు అని మొక్కుకుని, అదే చేత్తో సీసా మూత తీసేదాన్ని. చేతికి గ్లవ్స్ ఉండేవి కాబట్టి చాలా శుభ్రంగా పనిచేస్తున్నాననే నా నమ్మకం. (మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నాకు మాత్రం ఇంకో పన్నెండు రోజులు పట్టింది.)

మొక్కిన కొద్దీ మిట్ట పెరిగింది. మిట్ట పెరిగిన కొద్దీ భయమేసి ఇంకా మొక్కాను. మొదట ఒక్కసారి కళ్ళకద్దుకునేదాన్ని కాస్తా మూడుసార్లు అద్దుకోవడం మొదలుపెట్టాను. శుక్రవారాలు మరీ ఘోరం. సున్నా మాస్టారు పొద్దున్నే వచ్చి నా వెనక నిలబడి స్క్రీన్ చూసి, సున్నా సున్నాగా లేదే అని మెల్లిగా అనేసి వెళ్ళేవారు. తిట్టినా బాగుండేది. తిట్టని మనిషి ముందు భయం ఎక్కడ ఆగాలో తెలియదు.

అక్క మాత్రం నేరం నా వంట మీద మోపింది. "నువ్వు డబ్బాల ఏం తెస్తున్నవ్ రోజూ? పులిహోరనా? ఇగ బంద్ చెయ్యి" అంది. నేను పులిహోర ఒక్కటే కాదు, పసుపే బంద్ చేశాను. పప్పులో పసుపు లేదు, కూరలో లేదు, చారులో లేదు. చేతులు రోజుకు ఇరవైసార్లు కడిగేదాన్ని. పన్నెండు రోజులపాటు మా ఇంట్లో తెల్లటి పప్పు వండాను. మూడో రోజు మా ఆయన కంచంలోకి చూసి, ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అని అడిగారు. ఏడో రోజు మాట్లాడటం మానేసి ఆవకాయ ఒక్కదాంతో అన్నం తినడం మొదలుపెట్టారు. ఎనిమిదో రోజు ఆవకాయలోనూ పసుపు ఉంటుందని గుర్తొచ్చి ఆ జాడీ కూడా ఎత్తేశాను. ఇంటి నిండా ఇన్ని జాగ్రత్తలు పడుతూ, రోజూ స్నానం కాగానే అద్దం ముందు నిలబడి తాడుకు అత్తగారి పసుపు మాత్రం దట్టంగా పట్టించేదాన్ని. అది తిండి కాదు కదా, దాన్ని నేను లెక్కలోకే తీసుకోలేదు.

అసలు పిడుగు రెండో వారంలో పడింది. ఒక హెర్బల్ టీ కంపెనీ వాళ్ళ పసుపు టీని అంతకు ముందు నెలలో నేనే పరీక్షించి, డబ్బా మీద రాసినంతా ఉందని రిపోర్టు ఇచ్చాను. ఆ రోజుల్లో బ్లాంక్ ముందు నా మొక్కులు ఒకటీ అరా కాబట్టి బ్లాంక్‌లో ఏదీ పట్టుబడలేదు. శాంపిల్ సీసాలు తీసేటప్పుడు ఎన్నిసార్లు మొక్కానో ఎవరికి తెలుసు. సున్నా మాస్టారు నన్ను పిలిచి, పెళ్ళి నుంచి వచ్చాక మీరు చేసిన పనంతా ఆపి ఉంచుతున్నాననీ, కారణం తేలేదాకా ఆ టీ రిపోర్టు కూడా వెనక్కి తీసుకుంటున్నాననీ చెప్పారు. నా ఉత్తరం ఆయన బల్ల మీద ఎడమ వైపున, కాగితాల బరువు కింద, సంతకం లేకుండా కనిపిస్తూనే ఉంది. సరేనండీ అని తెలుగులోనే అనేసి బయటికి వచ్చాను.

మర్నాడు పొద్దున్న ఆయన ఒక చిన్న టార్చి తెచ్చారు. దాంట్లోంచి వచ్చేది కనిపించీ కనిపించని ఊదారంగు వెలుగు. పసుపు ఏ కొంచెం ఉన్నా ఆ వెలుగులో మిలమిలా మెరుస్తుంది. మా గదికి కిటికీలు లేవు. లైట్లు ఆర్పేయమన్నారు. నేనూ, అక్కా గోడకు ఆనుకుని నిలబడ్డాం. పట్టపగలు ఆ చీకట్లో ఆయన టార్చి పట్టుకుని మెల్లిగా నడుస్తుంటే, దొంగతనం జరిగిన ఇంట్లో పోలీసు కుక్క తిరుగుతున్నట్టు అనిపించింది. అక్క బల్ల మీద ఏమీ లేదు. యంత్రం శుభ్రం. నా బల్ల దగ్గరికి రాగానే ద్రావకాన్ని కొలిచి పోసే పైపెట్ పిడి మెరిసింది. సీసాల మూతలు మెరిశాయి. ఫ్రిజ్ తలుపు మీద, నేను ఆనుకుని నిలబడే చోట, రెండు వేళ్ళ గుర్తులు మెరిశాయి. కుర్చీకి తగిలించిన నా కోటు కాలర్ అయితే దీపావళి మతాబులా వెలిగింది. ఆయన టార్చి నా వైపు తిప్పారు.

"అయ్యో, నీ కండ్లు" అంది అక్క.

నాకేం కనబడలేదు గానీ, తరువాత అక్క చెప్పింది. ఆ చీకట్లో నా మొహం కనిపించడం లేదట, రెండు కనురెప్పలు మాత్రం పచ్చగా వెలుగుతున్నాయట, నేను భయంతో ఆర్పుతున్నకొద్దీ అవి వెలుగుతూ ఆరుతూ ఉన్నాయట. సున్నా మాస్టారు రెండడుగులు వెనక్కి వేశారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన చాలా మురికి చూసి ఉంటారు గానీ, మెరిసే కనురెప్పలు అదే మొదటిసారి అయి ఉండాలి. టార్చి కిందికి దించి, మీరు బ్లాంక్ పెట్టే ముందు ఏం చేస్తారో నాకు చేసి చూపిస్తారా అని అడిగారు.

ఆ క్షణంలో నాకు అబద్ధం చెప్పాలనిపించింది. లెన్సులు పెట్టుకుంటానని చెప్పొచ్చు, కాటుక లాంటిదేదో అని చెప్పొచ్చు. కానీ నిజంగా భయపడ్డప్పుడు నా చెయ్యి ఒక్కచోటికే పోతుంది. అప్పుడూ పోయింది. ఇంకా లైట్లు వేయలేదు. తాడు బయటికి వచ్చింది. ఆ టార్చి వెలుగులో నా మెడ చుట్టూ ఒక పచ్చటి వలయం ధగధగమంది. సూత్రాలు కళ్ళకద్దుకున్నాను. "సున్నా రావాలని మొక్కుకుంటానండీ" అన్నాను, వచ్చిన ఇంగ్లీషంతా పోగుచేసుకుని. నా మాట నాకే వినబడలేదు. ఏడుపు ముంచుకొచ్చింది.

అక్క లైటు వేసింది. సున్నా మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ తాడేమిటో, ఎందుకు వేసుకుంటారో, తీయవచ్చో లేదో అడిగారు. తీస్తే మా ఆయనకు మంచిది కాదని చెప్పాను. ఇంగ్లీషులో అది ఎంత తెలివితక్కువగా వినిపించిందో చెప్పలేను. ఆయన నవ్వలేదు. తీయమని నేను అడగననీ, కానీ ఆ తాడు మెడలో ఉండగా పసుపును మాత్రం మీ చేతికి ఇవ్వలేననీ, టీ శాంపిల్ రేపు పొద్దున్న మళ్ళీ చేయాలనీ, అది మీరు చేస్తారో అక్క చేస్తుందో మీరే చెప్పండనీ అన్నారు. అక్క చేస్తే ఆ పని అక్కది, నేను ఏ పనికి అవసరమో రాయాల్సిన ఉత్తరంలో రాయడానికి ఏమీ మిగలదు. ఆయన బెదిరించలేదు. అది లెక్క, అంతే.

ఆ సాయంత్రం మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన మూఢనమ్మకాలను ఎద్దేవా చేసే రకం. పిల్లి ఎదురొస్తే ఆగి దాన్ని ఫోటో తీసేవారు. "తీసెయ్, మూడు గంటలేగా. నాకేమవుతుంది?" అన్నారు, తెల్లపప్పు అన్నం కలుపుతూ. నాకు ధైర్యం రాలేదు. అత్తగారిని అడుగుదామంటే ఇంకా భయం. రాత్రంతా తాడు పట్టుకునే పడుకున్నాను. పొద్దున్న ఏడింటికి వీడియో కాల్ వస్తే, స్నానానికి వెళ్ళానని మా ఆయన చేత చెప్పించాను.

తొమ్మిదింటికి ల్యాబ్ రెస్ట్‌రూమ్‌లో తాడు మెడలోంచి తీశాను. తల మీంచి తీస్తుంటే జడకు చిక్కుకుంది, నా పై ప్రాణాలు పైనే పోయాయి. జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి, దాన్ని అక్క చేతిలో పెట్టాను. అక్క దాన్ని రెండు చేతులతో అందుకుంది. "నేను పట్టుకొని కూసుంట తియ్, కింద పెట్ట. నువ్వు పోయి నీ పని చూస్కో" అంది. అక్క ఆ మూడు గంటలూ తన పని మానుకుని నిజంగానే అలా కూర్చుంది. చేతులు మోచేతుల దాకా కడిగాను, కళ్ళు కడిగాను, కొత్త కోటు, కొత్త గ్లవ్స్. చెయ్యి అలవాటుగా మెడ దగ్గరికి పోతే అక్కడ ఏమీ లేదు. ఆ వెలితి అంత భయం నేను అంతకు ముందెప్పుడూ ఎరగను.

తొమ్మిదింబావుకు ఫోన్ మోగింది. మా ఆయన మెసేజ్. 'ఓకే' అని ఒక్క ముక్క. పావుగంటకు మళ్ళీ, 'ఓకే'. అలా ప్రతి పావుగంటకూ. (తరువాత తెలిసింది, ఆయన ఆ రోజు హైవే ఎక్కకుండా గల్లీల్లోంచి సైకిల్ వేగంతో ఆఫీసుకు వెళ్ళారట. లిఫ్ట్ ఎక్కలేదట. మీటింగ్‌లో తినమని ఇచ్చిన బాదంపప్పు కూడా, గొంతుకు అడ్డం పడుతుందేమోనని ముట్టుకోలేదట.) పదింటికి బ్లాంక్ పెట్టాను. గీత బయల్దేరింది. కర్క్యుమిన్ చోటు దగ్గర పడుతుంటే నేను కళ్ళు మూసుకున్నాను. "సున్నా" అన్నారు వెనక నుంచి సున్నా మాస్టారు. తెరిచి చూస్తే గీత అద్దంలా ఉంది. పన్నెండింటికి టీ లెక్కలు కూడా వచ్చాయి. అందులో పసుపు ఉన్నదీ లేనిదీ ఒక్కటే. ఆ సంచుల్లో ఉన్నదానికన్నా నా మెడలో ఉన్నదే ఎక్కువని తేలింది. అంటే, ఎవరో మోకాళ్ళ నొప్పుల మనిషి పొద్దున్నే ఆశగా తాగుతున్న వేడి నీళ్ళకు నేను మంచి పసుపని సర్టిఫికెట్ ఇచ్చాను. ఆ మాట తట్టేసరికి, ఇన్నాళ్ళూ వీసా కోసం పడిన భయమంతా ఒక పక్కకు పోయి, సిగ్గు ముంచుకొచ్చింది.

జరిగింది కాగితం మీద పెట్టాలి, అది ల్యాబ్ పద్ధతి. కారణం అన్న గడిలో ఏం రాయాలో తెలియక పెన్ను పట్టుకుని కూర్చుంటే, ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు. రాశాను. ఆయన చదివి సంతకం పెట్టి, టీ కంపెనీకి తనే ఫోన్ చేశారు. వాళ్ళు ఆ తరువాత మాకు పని ఇవ్వలేదు. సాయంత్రం నన్ను పిలిచి నా ఉత్తరం చేతికిచ్చారు, సంతకంతో. అందులో నా గురించి 'చాలా జాగ్రత్తపరురాలు' అని ఒక మాట ఉంది. నేను ఆ మాట దగ్గర ఆగిపోవడం చూసి, "అది నిన్న మొన్నటి సంగతి కాదు, ఇకముందు సంగతి" అన్నారు.

తాడు మళ్ళీ మెడలో వేసుకుని ఇంటికి వెళ్ళాను. కానీ చెప్పకుండా ఉండలేకపోయాను. మర్నాడు ఏడింటికి అత్తగారు తాడు చూపించమనగానే, వంగకుండా, అంతా చెప్పేశాను. మూడు గంటలు తీశానని చెప్పాను. మా ఆయన వంటగదిలోకి జారుకున్నారు. అత్తగారు కళ్ళు చికిలించి నా మొహంలోకే చూశారు.

"ఆ గీత ఏదో తిన్నగా వచ్చిందా మరి?" అన్నారు చివరికి.

"వచ్చింది అత్తయ్యా."

"పోన్లే. నాకు నడుం నొప్పికి స్కానింగ్ తీసినప్పుడు, మెళ్ళో ఏం ఉండకూడదన్నారమ్మాయ్. తీసి మీ మావయ్య చేతిలో పెట్టా. ఆ అరగంటా ఆయన ఆ కుర్చీలోంచి లెగలేదంట. మంచినీళ్ళు కూడా తాగలేదంట, పొలమారుద్దేమోనని. ఇంతవరకూ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, నువ్వూ చెప్పమాక." ఆ వెంటనే, "రేపే కంసాలికి గొలుసు పురమాయిస్తాలే. వచ్చేవాళ్ళెవరి చేతనైనా పంపిస్తా" అన్నారు. అని, ఇంకోమాట అన్నారు. "తాడు చూపించమంటే నువ్వు ఫోనుకి దగ్గరగా వంగుతావు చూడు, అప్పుడే నీ మొహం సరిగ్గా కనపడేది. ఈ నెల్రోజులూ కళ్ళకింద నల్లగా ఉంటన్నాయి. అడిగితే భయపడతావని అడగలా."

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఆ ల్యాబ్‌లోనే నాది సున్నా మాస్టారి కుర్చీ. పొద్దున్నే కొత్తగా చేరిన పిల్లల వెనక నిలబడి స్క్రీన్ చూసేది నేనే. గొలుసు కూడా బీరువాలోనే ఎక్కువ ఉంటుంది, మా ఆయన హైవే మీద ఎంత వేగంతో పోతారో నేను అడగను, ఆయన మెసేజ్‌లు పాలు తెమ్మనే సంగతి దాటి పోవు. కిందటి వారం ఏదో పని మీద ఆ పాత టార్చి తీసి, లైట్లు ఆర్పి, ఎందుకో అద్దంలో నా మొహం మీద వేసుకుని చూశాను. కనురెప్పలు మామూలుగానే ఉన్నాయి. ఆ పూట సాయంత్రం మా ఆయనతో, అప్పట్లో నా భయంలో సగం ఉద్యోగం గురించి కాదండీ, మీ గురించే అన్నాను. ఆయన ఫోన్ లోంచి తలెత్తకుండా నవ్వి, ఉద్యోగం గురించేలే, నాకు తెలీదా అన్నారు. అంతగా వణికిన ఆనాటి పిల్లను ఇప్పుడు ఆయనకు ఎలా చూపించను?